రూట్ పేరు మీద

మూడు రోజులుగా మిషన్ ఓబులేసుకు ఒకే జవాబు చెబుతోంది. అనుమతి లేదు.

అతను విశ్వవిద్యాలయంలోని భూగర్భజలాల కేంద్రంలో మూడో ఏడాది పరిశోధక విద్యార్థి. కేంద్రం అంటే రెండు గదులు, అరడజను కుర్చీలు, మూలన ఎప్పుడూ గుయ్‌మంటూ ఉండే ఒక లినక్స్ సర్వర్. నాలుగు మండలాల్లోని రెండు వందల పన్నెండు బావుల కొలతలు పద్నాలుగేళ్ల నుంచి అందులోనే ఉన్నాయి. ఏ నెలలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయి, వాటిలో ఫ్లోరైడ్ ఎంత ఉంది. ఆ కొలతలను రంగుల పటంగా గీసే ప్రోగ్రాంతో పటం చేసి తాగునీటి కమిటీకి ఇవ్వాలి. ముందుగా ఏ ఊళ్లకు పైపులైను వెయ్యాలో ఆ పటం చూసి తేలుస్తారు.

పటం తెర మీద చక్కగానే వస్తోంది. ఫోల్డర్‌లో దాచబోతే మాత్రం, అనుమతి లేదు.

నాలుగో రోజు ఓబులేసు ఫక్రుద్దీన్ సార్ దగ్గరికి వెళ్లాడు.

ఫక్రుద్దీన్ సార్ ప్రొఫెసర్ కాదు. ఎప్పుడో ముప్పై ఐదేళ్ల కిందట బావుల్లోకి టేపు వదిలి లోతు కొలిచే పనిలో చేరారు. కేంద్రానికి మొదటి కంప్యూటర్ వచ్చిన రోజున దాని ముందు కూర్చున్నారు, మళ్లీ లేవలేదు. రిటైరైనా ఆర్నెల్లకోసారి పొడిగించి ఆయన్ను ఉంచుకుంటున్నారు. డాక్టరేట్లు ఉన్నవాళ్లు కూడా ఆయన స్టూలు పక్కన నిలబడి అడిగి తెలుసుకునేవాళ్లు. అడిగినదానికి ఆయన చెప్పే మాటలు తక్కువ. చాలాసార్లు లేచి వచ్చి చేసి చూపించి, మళ్లీ తన స్టూలు మీదికి పోయేవారు.

"సార్, రూట్ పాస్‌వర్డ్ ఇస్తారా? పటం దాచుకుని వెంటనే బయటికి వచ్చేస్తా" అన్నాడు ఓబులేసు.

లినక్స్‌లో రూట్ అంటే అన్నిటికీ యజమాని. ఆ పేరుతో లోపలికి వెళ్తే మిషన్ ఏమీ అడగదు. ఏ తలుపైనా తెరుస్తుంది, దేన్నైనా తుడిచేస్తుంది.

సార్ లేచి ఓబులేసు సీటు దాకా వచ్చారు. తెర మీదున్న జవాబు చదివారు. నిలబడే ఒక్క వరస టైపు చేసి, పటాల ఫోల్డర్‌లో రాయగలిగే వాళ్ల జాబితాలో ఓబులేసు పేరు చేర్చారు.

"బయటికి పోయి మళ్లా లోపలికి రా."

ఓబులేసు కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"నువ్వు కాదప్పా, నీ అకౌంట్" అన్నారు సార్.

అకౌంట్ మూసి తెరిచాడు. పటం ఈసారి మారుమాట లేకుండా ఫోల్డర్‌లోకి పోయింది. పని అయింది కానీ ఓబులేసు మనసు చివుక్కుమంది. రెండేళ్లుగా నెలనెలా ఎండలో మోటార్‌సైకిల్ మీద తిరిగి ఆ బావుల నీళ్లు పట్టుకొస్తున్నది అతనే.

"మూడేళ్ల నుంచి ఇక్కడ ఉన్నా కదా సార్. నా మీద నమ్మకం లేదా?"

సార్ అతన్ని తన మిషన్ దగ్గరికి పిలిచారు. తెర పైన మూలన ఫక్రుద్దీన్ అని ఉంది, రూట్ అని లేదు. పద్నాలుగేళ్ల కొలతలున్న ఫోల్డర్ తెరిచి, అందులో ఒక ఫైలు చెరపమని మిషన్‌కు చెప్పారు.

అనుమతి లేదు, అంది మిషన్.

"నాకూ అదే చెప్తుంది చూడు" అన్నారు సార్. ఫోల్డర్ మూసి, "బొమ్మలూ బటన్లూ ఉండే ప్రోగ్రాంను ఎప్పుడూ రూట్‌గా తెరవొద్దు. నువ్వు నొక్కేది ఒక బటన్. లోపల అది నూరు పనులు చేస్తుంది. నీకు కనపడేది ఒకటే" అన్నారు.

ఓబులేసు తలూపి వచ్చేశాడు. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పారని అనుకున్నాడు.

నెల తర్వాత సార్‌కు ఎడమ కంటి ఆపరేషన్ వచ్చింది. వారం రోజులు రాలేనన్నారు. వెళ్లే ముందు రూట్ పాస్‌వర్డ్ రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఓబులేసు చేతిలో పెట్టారు.

"కరెంటు పోయి మిషన్ లేవకపోతే తీసి చూడు. దానికి తప్ప వద్దు."

నమ్మకం లేదా అని అడిగినందుకే ఇచ్చారని ఓబులేసుకు అర్థమైంది. కాగితాన్ని జేబులో పెట్టుకుంటుంటే చేతికి కొంచెం బరువుగా తోచింది.

మూడో రోజు పొద్దున కమిటీ వాళ్లు ఫోన్ చేశారు. ఈ ఏటి పటం ఒక్కటే చాలదన్నారు. పద్నాలుగేళ్లవి పద్నాలుగు పటాలు కావాలి. ఏ ఊళ్లో నీళ్లు ఏటేటా చెడిపోతున్నాయో అప్పుడే తెలుస్తుంది. సాయంత్రం ఐదు లోపల పంపాలి.

ఓబులేసు పాత కొలతల ఫోల్డర్‌ను ప్రోగ్రాంలో తెరవబోయాడు. కొలతలు చదివేటప్పుడు ఆ ప్రోగ్రాం వాటి పక్కనే తన గుర్తు కోసం చిన్న ఫైలొకటి రాసుకుంటుంది. ఆ ఫోల్డర్‌లో ఎవరూ ఏమీ రాయకూడదు. అనుమతి లేదు.

కొలతలన్నిటినీ తన ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని అక్కడ తెరిచి ఉంటే సరిపోయేది. పది నిమిషాల పని. ఆ ఆలోచన అతనికి తర్వాత వచ్చింది.

ఒంటిగంట దాటాక జేబులోంచి కాగితం తీశాడు. కొలతల ఫోల్డర్‌లోనే ఉండి రూట్‌గా మారి, ప్రోగ్రాంను పిలిచాడు. రాలేదు. ఈ తెర వేరొకరిది, రూట్‌ది కాదు, అని వచ్చింది. అక్కడైనా ఆగవలసింది. ఇంటర్నెట్‌లో వెతికి, తెరను అందరికీ తెరిచేసే వరస ఒకటి పట్టుకుని అది కూడా కొట్టాడు.

ప్రోగ్రాం తెరుచుకుంది. తనకు అలవాటైన రంగులు లేవు, తను పెట్టుకున్న ఊళ్ల జాబితా లేదు. రూట్ పేరు మీద ఆ ప్రోగ్రాం తెరుచుకోవడం అదే మొట్టమొదటిసారి. మధ్యలో చిన్న డబ్బా వచ్చింది. పని ఫోల్డర్‌లో పాత ఫైళ్లున్నాయి, శుభ్రం చెయ్యాలా?

ఆ డబ్బా అతనికి రోజూ వచ్చేదే. రోజూ సరే అనే నొక్కేవాడు. అతని పని ఫోల్డర్‌లో ఉండేది చిత్తు. రూట్‌కు పని ఫోల్డర్ ఏదో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. అందుకని ప్రోగ్రాం తనను ఎక్కడి నుంచి పిలిచారో ఆ ఫోల్డర్‌నే పని ఫోల్డర్ అనుకుంది.

కళ్లు చదివేలోగా వేలు నొక్కేసింది.

పచ్చటి గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. శుభ్రమైంది అని చెప్పి డబ్బా మూసుకుంది.

ఓబులేసు కొలతల ఫోల్డర్ తెరిచి చూశాడు. మూసి, మళ్లీ తెరిచి చూశాడు. ఒక్క ఫైలూ లేదు. గోడ గడియారంలో రెండు దాటి ఏడు నిమిషాలైంది.

ఫోన్ తీసి సార్ పేరు దాకా వెళ్లాడు. బొటనవేలు ఆ పేరు మీదే ఉంచి చాలాసేపు కూర్చున్నాడు. బ్యాకప్ ఉంటుంది, సార్ పెట్టకుండా ఉండరు అనుకున్నాడు. కంటికి కట్టుతో పడుకున్న మనిషిని ఇప్పుడు కంగారు పెట్టడం ఎందుకు అనుకున్నాడు. రేపు ఎదురుగా వెళ్లి చెబితే మర్యాదగా ఉంటుంది అని కూడా అనుకున్నాడు. ఫోన్ జేబులో పెట్టేశాడు.

ఈ ఏటి పటం ఒక్కటే కమిటీకి పంపి, పాతవి త్వరలో పంపుతాం అని కింద రాశాడు. గది తాళం వేశాడు. క్యాంటీన్‌లో టీ తాగాడు. నడుచుకుంటూ బస్టాండుకు పోయి, ఏ బస్సూ ఎక్కకుండా సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు. బస్సులు వచ్చి పోతున్నాయి. ఊళ్ల పేర్లు చదువుతూ కూర్చున్నాడు. వాటిలో సగం ఊళ్ల బావులు అతనికి తెలుసు. ఎండ దిగి, వీధి దీపాలు వెలిగాక లేచి హాస్టల్‌కు పోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆస్పత్రికి వెళ్లాడు. సార్ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఎడమ కంటి మీద తెల్లటి కట్టు.

ఓబులేసు నిలబడే అంతా చెప్పాడు. రూట్‌గా ప్రోగ్రాం తెరిచిన సంగతి, డబ్బా సంగతి, తను నొక్కిన సంగతి.

"ఎన్ని గంటలకు?" అన్నారు సార్ అంతా విన్నాక.

"రెండూ ఏడు నిమిషాలకు సార్."

"రాత్రా?"

"కాదు, నిన్న మధ్యాహ్నం."

సార్ కుడి చెయ్యి పక్కనున్న గ్లాసు కోసం తడుముకుంది. అందలేదు. ఓబులేసు అందించాడు. ఒక గుక్క తాగి, గ్లాసు అలాగే పట్టుకుని కూర్చున్నారు.

"ఎవరికి చెప్పినావు?"

"ఎవరికీ చెప్పలేదు సార్. మీకే మొదట."

సార్ తలూపారు. గ్లాసు కింద పెట్టి, కాళ్లు దించి చెప్పులు వెతుక్కున్నారు.

"పా, పోదాం."

ఇంకో రెండు రోజులు కదలకూడదని నర్సు చెబుతూ వెనకే వచ్చింది. ఆయన వినిపించుకోలేదు.

కేంద్రంలో సార్ బ్యాకప్ డిస్కు తెరిచారు. ఫోల్డర్ పేరు ఉంది. లోపల ఏమీ లేదు.

ఓబులేసు తెర మీదికి వంగాడు. "ఇదెట్ల పోయింది సార్?"

"నేను పెట్టిన ఏర్పాటు అట్లాంటిది" అన్నారు సార్. అంతకుమించి చెప్పలేదు. అడగడానికి ఓబులేసుకు ధైర్యం చాలలేదు.

చెరిగినవాటిని వెనక్కి తెచ్చే ప్రోగ్రాంలు మూడు రోజులు నడిపారు. ముక్కలు వచ్చాయి. అంకెలు వచ్చాయి గాని అవి ఏ బావివో, ఏ నెలవో లేవు. మూడో రోజు సాయంత్రం సార్ ఆపెయ్యమన్నారు.

డైరెక్టర్ మేడం ఇద్దరినీ పిలిపించారు. మిషన్ రాసుకునే చిట్టా కాగితం ఆమె ముందుంది. చెరిపినవాడి పేరు దగ్గర రూట్ అని మాత్రమే ఉంది.

"ఈ రూట్ ఎవరు?" అన్నారామె.

"పాస్‌వర్డ్ నాది మేడం" అన్నారు ఫక్రుద్దీన్ సార్.

"మీరు ఆ రోజు ఆస్పత్రిలో ఉన్నారు."

"పాస్‌వర్డ్ నాదే."

ఆమె ఓబులేసు వైపు చూశారు. ఓబులేసు టేబుల్ అంచు మీద ఊడి లేచిన రేకును చూస్తున్నాడు. చెప్పాలనే వచ్చాడు. దారి పొడుగునా మాటలు కూడగట్టుకుంటూ వచ్చాడు. ఫెలోషిప్ ఇంకా రెండేళ్లుంది. సార్ ఎలాగూ రిటైరైన మనిషి. ఈ రెండో ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో అతనికే తెలియదు. వచ్చాక ఆ రేకును వేలితో కిందికి నొక్కుతూ ఉండిపోయాడు.

ఆర్నెల్ల పొడిగింపు కాగితం ఆసారి రాలేదు. నెలాఖరుతో ఆఖరని చెప్పారు.

మిగిలిన నాలుగు వారాల్లో సార్ ఒక పని పెట్టుకున్నారు. మొదటి పన్నెండేళ్లూ ఆ బావులు కొలిచింది లింగమయ్య అనే మనిషి. ఓబులేసు రాకముందు అతనే మొదట సైకిల్ మీద, తర్వాత మోపెడ్ మీద తిరిగి, కొలిచినవన్నీ ఏడాదికొక నోటు పుస్తకంలో రాసుకునేవాడు. అతను పోయి రెండేళ్లయింది. పుస్తకాలు ఇంట్లో ఉంటే ఉండొచ్చు. ఇద్దరూ బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లారు.

లింగమయ్య భార్య ఈరమ్మ అటక మీంచి ఇనప పెట్టె దింపించింది. మూత తియ్యగానే మట్టివాసన వేసింది. పన్నెండు పుస్తకాలూ ఉన్నాయి. పై ఐదూ బాగున్నాయి. కింది ఏడింటిని ఎత్తితే చెదపురుగుల మన్ను చేతుల్లోకి రాలింది.

"ఈటిలో ఏముందో నాకేం తెలుసు సారూ. పారేద్దామంటే ఆయప్ప చేతిరాత కదా అని పెట్టుకున్నా" అందామె.

"ఇవి మేము తీసుకుపోతామమ్మా. పని కాగానే తెచ్చిస్తాం" అన్నారు సార్.

"తీసుకపోండి. ఐనా ఇవెందుకు సారూ? అన్నీ ఆ మిషన్‌లోకి ఎక్కించినారంట కదా. అందులోకి పోతే ఇంక పోవని చెప్పేవాడు ఆయప్ప. ఆ మాటకు శానా సంతోషపడేవాడు."

ఓబులేసు కింద కూర్చుని పుస్తకాలకు పురికొస కడుతున్నాడు. ముడి పడటం లేదు. విప్పి మళ్లీ కట్టాడు. సార్ ఈరమ్మకు నమస్కారం పెట్టి బయటికి నడిచారు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నించి సాయంత్రం దాకా సార్ పుస్తకాన్ని కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని చదివేవారు, ఓబులేసు టైపు చేసేవాడు. బావి పేరు, నెల, లోతు, ఫ్లోరైడ్. చెదలు తిన్న చోట సార్ "లేదు" అనేవారు. ఓబులేసు ఆ గడి వదిలేసేవాడు. కొన్ని రోజులు ఆ గదిలో ఎక్కువసార్లు వినిపించిన మాట అదే.

ఈలోగా కమిటీ తన దగ్గరున్న ఒక్క పటంతోనే జాబితా తేల్చేసింది. ఆ ఏడాది వానలు బాగా పడి బావులు నిండాయి. ఏటేటా చెడిపోతూ వచ్చిన నీళ్లు కూడా ఆ ఒక్క ఏడాది పలచబడి, పటంలో ఫరవాలేదనే పసుపుపచ్చ రంగులో కనిపించాయి. అలాంటి ఊళ్లు పందొమ్మిది. వాటికి పైపులైను లేదు.

ఆ పందొమ్మిదిలో ఒక ఊళ్లో చెన్నక్క అని ఒకామె ఉంది. ఫ్లోరైడ్ నీళ్లకు నడుము వంగిపోయి, తలెత్తి మనిషి మొహం చూడలేకపోయేది. ఓబులేసు నీళ్లు పట్టడానికి వెళ్లినప్పుడల్లా అతని చెప్పుల వైపే చూస్తూ అడిగేది, "ఈ తూరన్నా బాగుండాయా నాయనా నీళ్లు?" అని. ఆ నెల వెళ్లినప్పుడు కూడా అడిగింది. ఓబులేసు సీసా మూత బిగిస్తూ ఉండిపోయాడు.

నెలాఖరు వచ్చింది. సార్ తన వస్తువులు ఒక సంచిలో సర్దుకున్నారు. కళ్లద్దాల పెట్టె, టీ గ్లాసు, కుర్చీకి వేసుకునే చిన్న దిండు. గది తాళాలు ఓబులేసుకు ఇచ్చారు. కొత్త పాస్‌వర్డ్ ఇచ్చారు. ఆఖరున బీరువా అడుగు నుంచి నీలం అట్ట ఉన్న పొడుగాటి రిజిస్టరు తీసి టేబుల్ మీద పెట్టారు.

"మిషన్ ఎప్పుడెప్పుడు ఆగింది, ఎందుకాగింది, అన్నీ దీంట్లో రాస్తా వచ్చినా. రేపు ఇది డైరెక్టర్ మేడం టేబుల్ మీదికి పోవాలి. ఆఖరి పేజీ చదివి సంతకం పెట్టప్పా."

ఓబులేసు ఆఖరి పేజీ తిప్పాడు. సార్ గుండ్రటి చేతిరాత. పైన ఫైళ్లు చెరిగిన రోజు తేదీ. కింద వరసలు.

మధ్యాహ్నం 2.07. పద్నాలుగేళ్ల కొలతల ఫైళ్లు రూట్ పేరు మీద చెరిగినవి. పాస్‌వర్డ్ ఇచ్చినది ఫక్రుద్దీన్.

దాని కింద ఒక వరస ఖాళీ.

ఆ ఖాళీ కింద మళ్లీ రాత. సాయంత్రం 6.00. బ్యాకప్ రోజూ మాదిరే నడిచినది. అసలులో లేనివాటిని నకలులో నుంచి కూడా తీసివేసినది. ఈ పద్ధతి పెట్టినది ఫక్రుద్దీన్.

ఓబులేసు ఆరు గంటలు అన్న అంకె దగ్గర ఆగిపోయాడు. మళ్లీ పైకి వెళ్లి రెండు అన్న అంకె చదివాడు. ఆ రెండింటి మధ్యా తను ఎక్కడున్నాడో గుర్తొచ్చింది. సిమెంటు బల్ల, బస్సుల మీద ఊళ్ల పేర్లు, జేబులో ఫోన్. ఆరింటి దాకా అన్నీ బ్యాకప్ డిస్కులో అలాగే ఉన్నాయి. ఒక్క మాట చెప్పి ఉంటే ఎవరైనా వచ్చి ఆ డిస్కు తీగ ఊడపీకేవాళ్లు.

ఆస్పత్రిలో సార్ గ్లాసు పట్టుకుని ఎందుకు అంతసేపు కూర్చున్నారో ఇప్పుడు తెలిసింది.

ఖాళీ వరస మీద వేలు పెట్టాడు.

"ఈ వరస ఖాళీగా ఉంది సార్."

సార్ సంచి మూతి కడుతున్నారు. తలెత్తలేదు.

"ఆ పొద్దు నేను ఆస్పత్రిలో ఉంటి కదప్పా" అన్నారు. "రెండు నుంచి ఆరు దాకా ఇక్కడ ఏం జరిగిందో నాకు తెలీదు."

జేబులోంచి పెన్ను తీసి రిజిస్టరు మీద పెట్టి, సంచి తీసుకుని వరండాలోకి పోయి నిలబడ్డారు.

ఓబులేసు కూర్చున్నాడు. పెన్ను తీసుకున్నాడు. పై వరసకూ కింది వరసకూ మధ్య చోటు ఇరుకుగా ఉంది. అక్షరాలు చాలా చిన్నవిగా రాయాల్సి వచ్చింది.